హ్యాచరీ చేప, నది చేప: సంతాన నిష్పత్తి లెక్క తప్పేది ఎక్కడ?

గుడ్లు పెట్టడానికి పులస గోదావరికి ఎదురెక్కినట్టే, అమెరికా పడమటి తీరపు నదుల్లోకి సముద్రం నుంచి స్టీల్‌హెడ్, చినూక్, కోహో చేపలు ఎదురెక్కుతాయి. హ్యాచరీలో పెంచి వదిలినవీ, నదిలోనే పుట్టినవీ ఒకే గులకనేల మీద గుడ్లు పెడతాయి. వాటిలో ఏ గుంపు సంతానం ఎక్కువగా బతికి తిరిగొస్తోందో తేల్చే పద్ధతి పైకి సులువుగానే కనిపిస్తుంది. ఎదురెక్కే ప్రతి చేపనూ ఆనకట్ట దగ్గరి ట్రాప్‌లో పట్టి, రెక్క ముక్క తీసి పైకి వదలాలి. కొన్నేళ్లకు తిరిగొచ్చిన సంతానాన్ని డీఎన్‌ఏ ద్వారా తల్లిదండ్రులకు జోడించాలి. హ్యాచరీ చేప సగటు సంతానాన్ని నది చేప సగటు సంతానంతో భాగిస్తే వచ్చేదే నిష్పత్తి. 1 వస్తే సమానం, 0.5 వస్తే సగం. ఒరెగాన్‌లోని హుడ్ నదిపై పవర్‌డేల్ ఆనకట్ట దగ్గర స్టీల్‌హెడ్ మీద జరిగిన పని ఇలాంటిదే. ఆ ఆనకట్టను 2010లో తొలగించారు.

ఈ నిష్పత్తిని నమ్మి హ్యాచరీలు తెరుస్తారు, మూస్తారు. అందుకే అంకె బయటికి చెప్పే ముందు కింది లక్షణాలు ఉన్నాయేమో చూసుకోండి. అన్నిటికంటే ఎక్కువగా అనుమానించవలసింది "తేడా లేదు" అన్న ఫలితాన్ని. లెక్కలో జరిగే పొరపాట్లలో చాలా భాగం నిష్పత్తిని 1 వైపుకే లాగుతాయి.

లక్షణం: నిష్పత్తి 1కి దగ్గరగా వచ్చింది

మొదటి అనుమానం తప్పు జోడింపు మీద. సంతానం అసలు తల్లో తండ్రో నమూనాలో లేనప్పుడు, పోలిక కుదిరిన ఇంకో చేపకు ఆ పిల్ల అంటుకుంటుంది. అలా అంటుకునేటప్పుడు అది హ్యాచరీ చేపా, నది చేపా అని చూడదు. రెండు గుంపులకూ సమానంగా పంచుతుంది.

ఉదాహరణకు ఒక్కో గుంపులో 100 చేపలున్నాయనుకోండి. నది చేపల అసలు సంతానం 400, హ్యాచరీ చేపలది 200. నిజమైన నిష్పత్తి 0.5. ఇప్పుడు నమూనాలో లేని తల్లిదండ్రుల పిల్లలు 150 తప్పుగా అంటుకుని చెరి 75 కలిశాయి. 275ని 475తో భాగిస్తే 0.58. తప్పు జోడింపులు పెరిగేకొద్దీ ఇది 1 వైపు జరుగుతూనే ఉంటుంది.

సరిచేయడానికి, ఆ పిల్లలకు తల్లిదండ్రులు కావడం అసాధ్యమైన చేపల జాబితా ఒకటి తీసుకోండి. పిల్లలు పుట్టిన తరువాతే నదికి వచ్చిన చేపలు దీనికి పనికొస్తాయి. అదే ప్రోగ్రామ్, అదే సెట్టింగ్‌తో జోడింపు నడపండి. ఒక్కో పెద్ద చేపకు సగటున ఎన్ని పిల్లలు అంటుకున్నాయో అదే మీ తప్పు రేటు. పెద్ద చేపల సంఖ్య అసలు జాబితాతో సమానంగా ఉండేలా చూసుకోండి. ఆ రేటును రెండు సగటుల నుంచీ తీసేసి అప్పుడు భాగించండి. పై ఉదాహరణలో 2.75 నుంచీ, 4.75 నుంచీ 0.75 తీసేస్తే 2కి 4, మళ్లీ 0.5 వస్తుంది.

దీనికి ఎదురు పొరపాటు, అసలు తండ్రి నమూనాలో ఉన్నా దొరకకపోవడం. ఇది రెండు గుంపుల్లో ఒకే రేటుతో జరిగితే నిష్పత్తి మారదు, నమూనా చిన్నదవుతుంది అంతే. కాబట్టి జోడింపు నియమాన్ని కాస్త గట్టిగా పెట్టి కొన్ని పిల్లలను వదులుకోవడమే మేలు. ఒక గుంపు నమూనాలు ఎక్కువగా పాడై ఉంటే మాత్రం ఈ మాట చెల్లదు.

రెండో అనుమానం గుర్తు మీద. హ్యాచరీ పిల్లలను వదిలే ముందు వీపు వెనకవైపున్న చిన్న కొవ్వు రెక్క కత్తిరిస్తారు. కోత సగమే పడితే అది కొంత మళ్లీ పెరుగుతుంది, ట్రాప్ దగ్గర ఆ చేపను నది చేపగా రాసేస్తారు. నది గుంపులో 100కి 20 ఇలా చేరితే ఆ సగటు 4 నుంచి 3.6కి పడిపోతుంది, 0.5 కాస్తా 0.56 అవుతుంది. రెక్కతో పాటు పొలుసు కూడా చూడండి. హ్యాచరీ స్టీల్‌హెడ్ ఒక ఏడాదిలోనే సముద్రానికి వెళ్లేంత పెరుగుతుంది గనుక పొలుసు నడిమి వలయాలు ఎడంగా, ఒకే తీరుగా ఉంటాయి. నదిలో పుట్టినది సాధారణంగా రెండు మూడేళ్లు మంచినీటిలో గడుపుతుంది. చలికాలాల్లో దగ్గర పడిన వలయాలు స్పష్టంగా కనిపిస్తాయి. అన్నిటికంటే గట్టి ఆధారం హ్యాచరీలో వాడిన ప్రతి తల్లి చేప, తండ్రి చేప డీఎన్‌ఏ దాచుకోవడం. అప్పుడు రెక్కతో పని లేకుండానే ఏ చేప హ్యాచరీ బిడ్డో తేలుతుంది.

మూడోది చాలామంది మరిచేది. సంతానం లేని చేపలను లెక్కలోంచి తీసేస్తారు. అదే ఉదాహరణలో 60 హ్యాచరీ చేపలకు, 40 నది చేపలకు ఒక్క పిల్లా దొరకలేదనుకోండి. మిగిలినవాటికే సగటు కడితే 5కి 6.67, అంటే 0.75. సున్నా కూడా ఒక ఫలితమే. పైకి వదిలిన ప్రతి చేపా హారంలో ఉండాలి.

ఇంకొకటి: "నది చేప" అంటే నదిలో పుట్టినదని మాత్రమే అర్థం. దాని తల్లిదండ్రులు హ్యాచరీవి కావచ్చు. హుడ్ నదిలో, తల్లిదండ్రులిద్దరూ హ్యాచరీవైన నది పుట్టుక స్టీల్‌హెడ్‌ల సంతానం, ఇద్దరూ నది చేపలైన వాటి సంతానంలో సగటున 37 శాతమే. ఒక్కరే హ్యాచరీవైతే 87 శాతం. 2009లో వెలువడిన ఫలితమిది. ఈ రకాలన్నిటినీ ఒకే గుంపుగా కడితే పోల్చడానికి పెట్టుకున్న కొలబద్దే కుంగిపోతుంది. వీలైతే ఒక తరం వెనక్కి వెళ్లి నది చేపలను మూడు గుంపులుగా విడదీయండి.

లక్షణం: నిష్పత్తి నమ్మలేనంత తక్కువగా వచ్చింది

ముందు గాలం వేసేవాళ్ల సంగతి చూడండి. ఆ నదుల్లో చాలాచోట్ల కొవ్వు రెక్క లేని చేపను ఇంటికి తీసుకుపోవచ్చు, ఉన్నదాన్ని నీళ్లలో వదిలేయాలి. ట్రాప్ దాటిన హ్యాచరీ చేపలు గుడ్లు పెట్టకముందే గాలానికి పోతే ఆ లోటు వాటి చేతకానితనంగా నమోదవుతుంది. 100లో 15 అలా పోయాయనుకుంటే, సగటు కోసం 200 సంతానాన్ని 100తో కాదు, 85తో భాగించాలి. 2 కాదు, 2.35. ట్రాప్ పైన పట్టుబడి లెక్క లేకుండా ఈ పని మొదలుపెట్టవద్దు. హ్యాచరీ విత్తనం కోసం ట్రాప్ దగ్గర తీసుకుపోయిన చేపలనూ హారంలోంచి తీయాలి.

పైకి వెళ్లి మళ్లీ కిందికి జారిపోయే చేపలూ ఉంటాయి. ఇతర నదుల హ్యాచరీల నుంచి దారి తప్పి వచ్చినవి తరచూ ఇలా చేస్తాయి. పొట్టలో 12 మిల్లీమీటర్ల పిట్ ట్యాగ్ (ఒక్కో చేపకు ఒక్కో నంబరున్న చిన్న ఎలక్ట్రానిక్ గుర్తు) వేసి, ట్రాప్ పైన ఒక యాంటెన్నా అమర్చితే ఏది నిజంగా పైన ఉండిపోయిందో తెలుస్తుంది. ఒకే చేప జారిపోయి మళ్లీ ఎక్కితే రెండుసార్లు నమోదవుతుంది. జీనోటైప్‌లు (ఒక్కో చేప డీఎన్‌ఏ నమోదులు) అచ్చంగా సరిపోయే జంటలను ముందే వెతికి ఒకటిగా కలపండి.

తరువాతిది వయసు, పరిమాణం, చోటు. హ్యాచరీలో బాగా మేసిన మగ చినూక్‌లలో ఎక్కువ భాగం చిన్న వయసులోనే, చిన్నవిగానే తిరిగొస్తాయి. వాషింగ్టన్ రాష్ట్రంలోని వెనాచీ నదిలో మగ చేపల తేడాకు వయసు ఒక ముఖ్య కారణంగా తేలింది. హ్యాచరీ చేపలు నదిలో కిందిభాగంలో, తమను వదిలిన చోటుకు దగ్గరగా గుడ్లు పెట్టడం మరో కారణం. అందుకే ఆడా మగా ఎప్పుడూ విడివిడిగా లెక్కించండి. తొందరగా తిరిగొచ్చే చిన్న మగవాటికి వేరే వరుస పెట్టండి.

పొడవు, వచ్చిన తేదీ, గుడ్లు పెట్టిన చోటు గణాంక మోడల్‌లో చేర్చి సర్దుబాటు చేస్తే నిష్పత్తి పెరగవచ్చు. ఇక్కడ జాగ్రత్త. చేప చిన్నదిగా తిరిగి రావడానికి హ్యాచరీ పెంపకమే కారణమైతే, ఆ సర్దుబాటు హ్యాచరీ చేసిన నష్టాన్నే కప్పేస్తుంది. సర్దిన అంకె "ఎందుకు" అనే ప్రశ్నకు జవాబు. "నదికి ఎంత నష్టం" అనే ప్రశ్నకు సర్దని అంకే జవాబు. రెండూ పక్కపక్కన ఇవ్వండి, ఏది ఏదో స్పష్టంగా రాయండి.

లక్షణం: తల్లి దొరుకుతోంది, తండ్రి దొరకడం లేదు

స్టీల్‌హెడ్‌లో ఇది తప్పనిసరిగా ఎదురవుతుంది. స్టీల్‌హెడ్, రెయిన్‌బో ట్రౌట్ ఒకే జాతి. సముద్రానికి వెళ్లకుండా నదిలోనే ఉండిపోయిన మగ ట్రౌట్‌లు ట్రాప్ వైపే రావు, కానీ పెద్ద ఆడ చేపతో జత కడతాయి. ఇద్దరూ దొరికిన పిల్లలనే లెక్కిస్తే, అలాంటి ట్రౌట్‌లతో జత కట్టిన ఆడ చేపలకు అన్యాయం జరుగుతుంది. తల్లుల లెక్క, తండ్రుల లెక్క వేర్వేరుగా, ఒక్కో తల్లినో తండ్రినో విడిగా జోడిస్తూ చేయండి.

దానికి మార్కర్లు, అంటే డీఎన్‌ఏలో పోల్చి చూసే చోట్లు, సరిపడా ఉండాలి. డీఎన్‌ఏలో ఒక్క అక్షరం చేపకూ చేపకూ మారే చోటును స్నిప్ అంటారు, అక్కడ కనిపించే రెండు రూపాలు అల్లీళ్లు. ఒక స్నిప్‌లో రెండు అల్లీళ్లూ చేపలన్నిటిలో సమాన వాటాలో ఉంటే, సంబంధం లేని చేపను తల్లిగానో తండ్రిగానో కొట్టివేసే అవకాశం 12.5 శాతం. 1,000 పెద్ద చేపలు, 1,000 పిల్లలు అంటే 10 లక్షల జతలు. 50 స్నిప్‌లతో దాదాపు 1,260 తప్పు జతలు గట్టెక్కుతాయి. 100తో ఒకటో రెండో. అయితే అరుదైన అల్లీల్ వాటా 20 శాతమే అయితే కొట్టివేసే అవకాశం 5 శాతానికి పడిపోతుంది, 100 స్నిప్‌లున్నా 5,000కు పైగా తప్పు జతలు మిగులుతాయి. పైగా ఒక్క తేడాను కూడా క్షమించని నియమంతో వేసిన లెక్క ఇది. హ్యాచరీ చేపల్లో అన్నదమ్ములు ఎక్కువ గనుక వాస్తవం ఇంకా కష్టం. స్నిప్‌ల సంఖ్య ఒక్కటే చూసి తృప్తి పడకండి, వాటి అల్లీల్ వాటాలు చూడండి.

లక్షణం: జీనోటైప్ సగం ఖాళీ

రెక్క ముక్క పెద్దదై ఆల్కహాల్ తక్కువైనప్పుడు ఇలా అవుతుంది. కందిగింజంత ముక్క చాలు, 95 శాతం ఇథనాల్ దానికి పదింతలు ఉండాలి. చేపకూ చేపకూ మధ్య కత్తెర కడిగి తుడవాలి. గుడ్లు పెట్టి చచ్చిన చేపల నుంచి తీసినవి చాలావరకు చెడిపోయి ఉంటాయి, బతికి ఉన్నప్పుడే ట్రాప్ దగ్గర తీయండి. నూటికి అయిదు నమూనాలు రెండోసారి నడిపి తప్పుల రేటు రాసుకోండి.

లక్షణం: ఒక ఏడాది 0.4, మరుసటి ఏడాది 1.1

కొన్ని చేపలకు పది పిల్లలు, చాలా చేపలకు సున్నా. సంతానం ఇలాగే పంచుకుపోతుంది గనుక 30 చేపల గుంపులో ఒక్క కుటుంబం సగటును అటూ ఇటూ తిప్పేస్తుంది. రెండు సగటులను పోల్చే మామూలు టి-పరీక్ష ఇక్కడ పనికిరాదు. గుంపు పేర్లను చేపల మధ్య 10,000 సార్లు కలగాపులగం చేసి పోల్చే పర్మ్యుటేషన్ పరీక్షో, ఇలా ఎగుడుదిగుడుగా ఉండే లెక్కలకు సరిపడే నెగటివ్ బైనామియల్ మోడలో వాడండి. ఏడాది ఏడాదికీ విడిగా "ప్రాముఖ్యం లేదు" అని కొట్టేయవద్దు, అన్నిటినీ కలిపి చూడండి. నాలుగు సాల్మన్ జాతుల మీద ఆరు అధ్యయనాల్లోని 51 అంచనాలను 2014లో కలిపి చూస్తే, మొదటి తరాల హ్యాచరీ చేపల సంతానం సగటున నది చేపలలో సగమే అని తేలింది. ఆడవాటి కన్నా మగవాటిలో తగ్గుదల ఎక్కువ. విడివిడిగా చూస్తే వాటిలో చాలా అంచనాలు తేల్చి చెప్పలేనివే.

లక్షణం: తేడా ఉంది, కానీ పెంపకం వల్లా, వారసత్వం వల్లా?

హ్యాచరీ చేపను నది చేపతో పోలిస్తే ఇది ఎప్పటికీ తేలదు. రెండు హ్యాచరీ గుంపులను పోల్చాలి. ఒకదాని తల్లిదండ్రులిద్దరూ నది చేపలు. రెండోదానికి ఒకరు నది చేప, ఒకరు హ్యాచరీ చేప. ఒకే తొట్ల వ్యవస్థ, ఒకే మేత, ఒకేచోట విడుదల. హుడ్ నదిలో ఇలా చూసి, హ్యాచరీలో గడిపిన ఒక్కో తరానికి సంతానం దాదాపు 40 శాతం తగ్గుతోందని 2007లో చూపారు. అక్కడే 2012లో ఇంకో ముఖ్యమైన ముక్క దొరికింది: హ్యాచరీలో గుడ్లు తీయించినప్పుడు, మొదటి తరం హ్యాచరీ చేపల నుంచి తిరిగొచ్చిన సంతానం నది చేపల సంతానానికి దాదాపు రెట్టింపు. తొట్టిలో గెలిచే లక్షణాలే నదిలో ఓడుతున్నాయి.

లక్షణం: ట్రాపే లేదు, ప్రతి చేపనూ పట్టలేం

గోదావరి, కృష్ణల్లోకి వదిలే శీలావతి, బొచ్చె పిల్లల సంగతి ఇదే. వరదలో గుడ్లు పెట్టే ఈ చేపలను ఒక బోను గుండా పంపడం కుదరదు. కాబట్టి పెద్ద చేపల వైపు నుంచి కాదు, హ్యాచరీ వైపు నుంచి మొదలుపెట్టాలి. చైనీస్ సర్క్యులర్ తొట్టిలో (నీరు గుండ్రంగా తిరిగే హ్యాచరీ తొట్టి) జతకు వేసే ప్రతి సెట్టులోని ఆడ, మగ చేపల రెక్క ముక్క తీసి, సెట్టు నంబరు, తేదీ, ఆ పిల్లలను వదిలిన చోటు రాసి దాచండి. తరువాతి ఏళ్లలో వరదకు ముందు వలల్లో పడిన పెద్ద చేపల్లో ఎంత వాటా హ్యాచరీ బిడ్డలో చూడండి. ఆ వరదలో పుట్టిన పిల్లల్లో హ్యాచరీ వాటా ఎంతో చూడండి. పెద్దవాటిలో 30 శాతం ఉండి పిల్లల వంశంలో 18 శాతమే వస్తే, 18/82ని 30/70తో భాగించాలి: 0.51. ఇక్కడ వెతికేది తాత, అవ్వల జంటను గనుక స్నిప్‌లు వందల్లో కావాలి. పిల్లలను ఒకే చోట కాక కనీసం అయిదారు చోట్ల, వరద పొడవునా పలు తేదీల్లో పట్టాలి. ఒకే గుంతలో పట్టినవన్నీ ఒకటి రెండు తల్లుల పిల్లలే అయ్యే ప్రమాదముంది.