డాక్యుమెంటరీ తీద్దాం – 4వ పాఠం: వ్యాఖ్యానం ఎవరి గొంతు?

పోయిన పాఠంలో తీసిన షాట్లను వరుసలో పెట్టుకున్నాం. ఆ వరుసను ఒకసారి శబ్దం ఆపేసి చూడండి. చూసేవాడికి ఎక్కడ విషయం అందడం లేదో అక్కడ ఒక గుర్తు పెట్టుకోండి. వ్యాఖ్యానం, అంటే బొమ్మ మీద మనం వినిపించే మాటలు, కావలసింది ఆ గుర్తుల దగ్గరే.

రాయడానికి కూర్చోగానే కొత్తవాళ్లలో చాలామంది పాతకాలపు వార్తాచిత్రాల భాషలోకి జారిపోతారు: "పచ్చని పొలాల నడుమ ఒదిగిన ఈ గ్రామంలో ప్రజల ప్రధాన వృత్తి వ్యవసాయం." పొలాలు తెరమీద కనబడుతూనే ఉన్నాయి కదా! పైగా ఈ మాట ఎవరు ఎవరితో అంటున్నట్టు? ఊరివాళ్లతో అయితే, వాళ్లకు ఎప్పుడో తెలుసు. అది తేలకపోతే ఎంత మంచి తెలుగు రాసినా గాల్లో మాట్లాడినట్టే ఉంటుంది.

ఈ ముడి విప్పడానికి నాకు తెలిసి సెనెగల్ దర్శకురాలు సాఫీ ఫాయ్‌ను మించిన గురువు లేదు. 1943లో ఆ దేశ రాజధాని డకార్‌లో పుట్టారు. సెరేర్ జాతివారు, పెద్దలది ఫాద్‌జల్ అనే వ్యవసాయ గ్రామం. బడిపంతులమ్మగా పనిచేస్తుండగా, 1966లో డకార్‌లో జరిగిన నల్లజాతి కళల ఉత్సవంలో ఫ్రెంచి దర్శకుడు, మానవశాస్త్రవేత్త జాఁ రూష్ పరిచయమయ్యారు. ఆయన తీసిన ఒక సినిమాలో ఈమె నటించారు కూడా. తరవాత పారిస్ వెళ్లి ఒకపక్క మానవశాస్త్రం, ఇంకోపక్క సినిమా చదివారు. ఆఫ్రికా పల్లెల మీద అప్పటిదాకా వచ్చిన మానవశాస్త్ర చిత్రాల్లో వివరించే గొంతు ఎక్కువగా యూరప్ మగవాళ్లదే. ఆ విద్యే నేర్చుకుని, కెమెరా పట్టుకుని ఆమె తన సొంత ఊరికే వెళ్లారు.

అలా 1975లో వచ్చింది 'కద్దు బెయ్‌కట్'. సెనెగల్‌వాళ్లు మాట్లాడే వొలోఫ్ భాషలో రైతు మాట అని. సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికాలో ఒక మహిళ తీయగా వాణిజ్యపరంగా విడుదలైన తొలి పూర్తి నిడివి చిత్రంగా చరిత్రకారులు దీన్ని లెక్కపెడతారు. నలుపు తెలుపు చిత్రం. నటులు ఊరివాళ్లే, వాళ్లలో ఆమె తాత కూడా ఉన్నారు.

వ్యాఖ్యానం మొత్తం ఒక ఉత్తరం. యోగక్షేమాలతో మొదలై, ఊళ్లో సంగతులు చెప్పుకుంటూ పోతుంది, ఆమె గొంతులోనే. ఉత్తరం అనేసరికి రెండు లాభాలు. రాసేవారెవరో తెలిసిపోతుంది, కాబట్టి అన్నీ తెలిసినట్టు నటించనక్కర్లేదు. చదివేవారు దూరాన ఉన్నారు, కాబట్టి వివరించడానికి ఒక కారణం దొరుకుతుంది. చివర్లో ఉత్తరం మాత్రమే తనదనీ, మిగతాదంతా వ్యవసాయం చేసుకునే తన వాళ్లదనీ ఒప్పుకుంటారు.

కథ చిన్నది. న్గోర్ అనే యువకుడు కుంబాను పెళ్లాడాలి. కన్యాశుల్కం ఇవ్వాలంటే వేరుశనగ పండాలి. వానలు లేవు, పంట లేదు. కూలి వెతుక్కుంటూ డకార్ వెళ్లి, అక్కడ దోపిడీకి గురై తిరిగొస్తాడు. వలసపాలనలో ఫ్రెంచివాళ్లు రుద్దిన వేరుశనగే ఏకైక పంటయి నేలను పీల్చేసింది; స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ లెక్క మారలేదు. (అనంతపురం వైపు పాఠకులకు ఇది విప్పి చెప్పక్కర్లేదు.)

ఇక్కడే అసలు పాఠం. అప్పులు, ధరలు, పన్నుల సంగతి ఆమె వ్యాఖ్యానంలోకి తెచ్చి ఉపన్యాసం ఇవ్వవచ్చు. ఇవ్వలేదు. సాయంత్రం చెట్టు కింద చేరిన రైతులే ఆ మాటలు అనుకుంటారు, తీరిగ్గా, ఒకరి మాటకు ఒకరు అడ్డం పడుతూ. కోపం వాళ్ల నోటినుంచే రావాలి. అది ఎంత గట్టిగా తగిలిందంటే సెనెగల్ ప్రభుత్వం సినిమాను నిషేధించింది. 1976 బెర్లిన్ ఉత్సవంలో మాత్రం అంతర్జాతీయ విమర్శకుల బహుమతి వచ్చింది.

ఆ తరవాత 'ఫాద్‌జల్' (1979)లో ఊరి పెద్దలు పిల్లలకు ఊరు పుట్టుక చెబుతారు. మొగుడు పనికోసం పోగా ఎనిమిదిమంది పిల్లల్ని సాకే సెల్బే అనే ఆవిడ మీద తీసిన చిన్న చిత్రంలో ఇద్దరాడవాళ్లు మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది. 1996లో 'మొసాన్' అనే కాల్పనిక చిత్రం. 2023 ఫిబ్రవరిలో పారిస్‌లో కన్నుమూశారు.

ఇక మీ పని. గుర్తులు పెట్టుకున్న చోట్లకు వ్యాఖ్యానాన్ని ఉత్తరంగా రాయండి. ఊరు వదిలి వెళ్లిన మేనత్తకో, దుబాయ్‌లో ఉన్న తమ్ముడికో, నిజంగా ఉన్న ఒక మనిషికి. "అత్తా, మన చెరువు కింద ఈసారి నాట్లు పడలేదు" అన్నారనుకోండి, "నీటి ఎద్దడి నెలకొంది" దానంతటదే పారిపోతుంది. మీ యాసలోనే రాయండి, దిద్దకండి. తెరమీద కనబడేదాన్ని చెప్పే ప్రతి వాక్యం కొట్టేయండి. పది సెకన్ల షాటుకు పది పన్నెండు మాటలు దాటనివ్వకండి; గడియారం పెట్టుకుని పైకి చదివితే తెలుస్తుంది. ఫిర్యాదు, కోపం, అంచనా ఉన్న వాక్యాలను పక్కకు తీసి, వాటిని మీ చిత్రంలో ఎవరు అనగలరో పేరు రాసుకోండి. ఆ మనిషి దగ్గరికి మళ్లీ వెళ్లి మాట్లాడించాలి. ఎవరూ అనరనిపిస్తే ఆ వాక్యం మీ అభిప్రాయమే, ఉత్తరంలో "నాకనిపిస్తోంది" అని పెట్టి ఉంచుకోండి.

వచ్చే పాఠంలో ఈ ఉత్తరాన్ని ఫోన్‌లోనే, గాలి హోరు లేకుండా రికార్డు చేయడం చూద్దాం. ఒక మందపాటి దుప్పటి సిద్ధం చేసుకోండి.