ప్రెషర్ ట్యాంకులో గాలి సరిచేయడం ఎలా?

తిరుపతిలో ఇల్లుంటే ఏడాది పొడవునా చుట్టాలే. బ్రహ్మోత్సవాలప్పుడైతే మా ఇంట్లో తెల్లవారుజామున మూడింటికే స్నానాల వరస మొదలవుతుంది. అలాంటి ఒక రోజు మా మామయ్య తలకు షాంపూ పెట్టుకున్నాక షవర్ వేషాలు మొదలుపెట్టింది. సన్నగా కారడం, ఉన్నట్టుండి బుస్సుమనడం, మళ్లీ సన్నబడటం. బయట సంపు పక్కన మోటారు టక్, టక్‌మని ఆగి ఆగి కొట్టుకుంటోంది. ప్లంబర్ వచ్చి, నీళ్ల ఒత్తిడిని బట్టి మోటారును ఆన్, ఆఫ్ చేసే ప్రెషర్ స్విచ్ పోయిందన్నాడు. కొత్తది బిగించి డబ్బు తీసుకుని వెళ్లాడు. మర్నాటికి మళ్లీ అదే కథ. స్విచ్‌కు ఏ రోగమూ లేదు, ప్రెషర్ ట్యాంకులో, అంటే మోటారుకు తగిలించి ఉండే, లోపల నీళ్లతో పాటు గాలి కూడా ఉండే ఇనుప డొక్కలో, గాలి పోయింది. అప్పటి నుంచి ఈ పని నేనే చేసుకుంటున్నాను, వీధిలో నాలుగిళ్లకు చేసి పెడుతున్నాను కూడా.

కావలసినవి మూడే: టైరు గాలి చూసే గేజ్, బైకులకు గాలి కొట్టే కాలి పంపు, ఒక బకెట్. ట్యాంకు వాల్వు బైకు టైరుకు ఉండేలాంటిదే, మామూలు సైకిల్ పంపు దానికి నేరుగా పట్టదు. పంచర్ షాపు కంప్రెసర్ మాత్రం వద్దు. అది రెండు సెకన్లలో కొట్టే గాలిని మీరు పది నిమిషాలు వదులుకుంటూ కూర్చోవాలి.

మొదట మోటారు ఏ అంకె దగ్గర స్టార్ట్ అవుతుందో చూడండి. కొళాయి సన్నగా తిప్పి, నీళ్ల మోటారు మీది గేజ్ ముల్లును చూస్తూ ఉండండి. అది దిగుతూ దిగుతూ ఒక చోట టక్‌మని మోటారు అందుకుంటుంది. ఆ అంకెలోంచి 2 పీఎస్ఐ (టైరు గాలికి చెప్పే ఒత్తిడి కొలతే) తీసేస్తే వచ్చేదే మీ ట్యాంకులో ఉండాల్సిన గాలి. 20 దగ్గర స్టార్టై 40 దగ్గర ఆగేదైతే 18 పీఎస్ఐ. 30, 50 అయితే 28. గేజ్ బార్‌లలో ఉంటే, ఒక బార్ అంటే 14.5 పీఎస్ఐ.

తరువాత కరెంటు ఆపండి. స్విచ్ ఒక్కటే కాదు, ఎంసీబీ కూడా దించేయండి. లేకపోతే మీరు నీళ్లు వదులుతున్నకొద్దీ మోటారు నింపుతూనే ఉంటుంది.

ఇక నూటికి తొంభై మంది చెడగొట్టే పని దగ్గరికి వచ్చాం. ట్యాంకులో నీళ్లుండగానే వాల్వుకు గేజ్ పెడతారు. 38 చూపిస్తుంది. ‘గాలి దండిగా ఉందే!’ అని మూత పెట్టేస్తారు. కానీ లోపల ఉన్నది ఒక రబ్బరు సంచి. సంచిలో నీళ్లు, సంచికీ ఇనుప డొక్కకీ మధ్య గాలి. నీళ్లు ఎంత ఒత్తిడితో సంచిని ఉబ్బిస్తే గాలీ అంతే నొక్కుకుపోతుంది. గాలి సగం పోయినా గేజ్ ఆ 38 చూపిస్తూనే ఉంటుంది. మీరు చూసింది నీళ్ల ప్రెషర్, గాలిది కాదు. ఆ అంకె చూసి గాలి వదిలేసే మహానుభావులూ ఉన్నారు. వాళ్ల ట్యాంకు మరుసటి రోజు నుంచి పేరుకే ట్యాంకు.

కాబట్టి నీళ్లన్నీ పోవాలి. అన్నీ అంటే అన్నీ. దానికి ట్యాంకు పక్కనే, అన్నిటికంటే కిందున్న కొళాయి తిప్పాలి. మేడ మీది బాత్రూం కొళాయి తిప్పి ‘నీళ్లు ఆగిపోయాయి కదా’ అంటే కుదరదు. ఆరు మీటర్ల ఎత్తు పైపులో నిలిచిన నీళ్లే 8, 9 పీఎస్ఐతో సంచిని ఒత్తుతుంటాయి. పైన కూడా ఒక కొళాయి తిప్పి పెట్టండి, పైపులోకి గాలి దూరితేనే నీళ్లు గబగబా దిగుతాయి. మీ పంపు మేడ మీదుండి ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి లాగేదైతే, ముందు దాని ఇన్‌లెట్ వాల్వు కట్టేయండి. లేకుంటే సాయంత్రం దాకా వదిలినా పైనుంచి వస్తూనే ఉంటాయి.

నీళ్లు ఆగాక ట్యాంకును రెండు చేతులతో ఊపి చూడండి. ఖాళీదైతే తేలిగ్గా కదులుతుంది, లోపల గలగలమనదు. ఇప్పుడు వాల్వు నల్లమూత తీసి, లోపలి పిన్నును గోటితో ఒక్కసారి నొక్కండి. ఉస్సుమని రబ్బరు వాసనతో గాలి వస్తే సరే. బొటనవేలు తడిసిందా, సంచి చిరిగినట్టే. ఇక గాలి కొట్టి లాభం లేదు. అదే లీటర్ల సైజు సంచి తెచ్చి మార్పించుకోండి.

తడి లేకపోతే గేజ్ పెట్టండి. తక్కువుంటే కొట్టండి, ఎక్కువుంటే వదలండి. కొడుతున్నంతసేపూ కింది కొళాయి తెరిచే ఉండాలి, సంచిలో మిగిలిన నీళ్లు మరికాస్త వస్తాయి. పదేసి తొక్కులకొకసారి కొలవండి. ఈ పని పొద్దున్నే చేయాలి, ఇది నా ఇంట్లో చట్టం. మే నెల తిరుపతి ఎండలో కాలిన ట్యాంకు మధ్యాహ్నం రెండు, మూడు పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది.

గాలి చూడకుండా ప్రెషర్ స్విచ్ నట్టు తిప్పేవాళ్లను నేను గేటు లోపలికి రానివ్వను. నట్టు తిప్పితే స్టార్ట్ అయ్యే అంకె మారిపోతుంది, పై లెక్కంతా మళ్లీ మొదటికొస్తుంది. అయితే మన బోరునీళ్ల ఉప్పు పేరుకుని స్విచ్‌కు వెళ్లే సన్నటి దారి పూడుకుపోవడం నిజమే. అప్పుడు కూడా మోటారు పిచ్చిగా కొట్టుకుంటుంది. గాలి సరిగ్గా ఉండీ రోగం పోకపోతే దాన్ని విప్పించి శుభ్రం చేయించండి.

చివరగా కొళాయిలు కట్టేసి, ఇన్‌లెట్ తెరిచి, ఎంసీబీ ఎత్తండి. మోటారు నింపి ఆగాక కొళాయి కింద బకెట్ పెట్టి, మళ్లీ మోటారు స్టార్టయ్యేదాకా పట్టండి. 24 లీటర్ల ట్యాంకంటే 24 లీటర్లూ వస్తాయనుకోకండి, అందులో ఎక్కువ చోటు గాలిదే. ఏడెనిమిది లీటర్లు, అంటే మామూలు బకెట్‌లో సగం వస్తే సరిగ్గా కుదిరినట్టు. మూడు చెంబులకే మోటారు అందుకుంటే మీరు నీళ్లు పూర్తిగా వదల్లేదు, మళ్లీ ఎంసీబీ దించండి. కుదిరితే మార్కర్‌తో ట్యాంకు మీద తేదీ, గాలి అంకె రాసేయండి. మాకు ఉగాదికి ఒకసారి, బ్రహ్మోత్సవాలకు వారం ముందు ఒకసారి.