బొగ్గులు తెల్లబడేలోగా ఆడే ఆటలు

డాలస్‌లో మా పక్క వీధుల తెలుగువాళ్ళం ఏటా మే ఆఖరి సోమవారం, మెమోరియల్ డే నాడు, పార్కులో బార్బెక్యూ పెట్టుకుంటాం. జులై దాకా ఆగితే చికెన్‌తోపాటు మనమూ కాలతాం. పిల్లాపాపలతో కలిపి నలభై మందిమి తేలతాం. మొదట్లో మగవాళ్ళంతా గ్రిల్ చుట్టూ మూగి తలో సలహా పారేసేవాళ్ళు, ఆడవాళ్ళం ఉల్లిపాయలు తరుగుతూ కూర్చునేవాళ్ళం, పిల్లలు చెట్టుకింద ఫోన్లలో మొహాలు దూర్చేవాళ్ళు. చూసి చూసి విసుగొచ్చి ఆటల పెత్తనం నేను తీసుకున్నాను.

నాకు గడియారం పొయ్యే. బొగ్గులు అంటించాక పైన తెల్లటి బూడిద పొర కట్టడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. అప్పుడు ఎవరికీ పని ఉండదు, కడుపులు ఖాళీగా ఉంటాయి. పరుగెత్తే ఆటలన్నీ ఆ అరగంటలో కానిచ్చేయాలి. బిర్యానీ తిన్నాక కబడ్డీ అంటే కూత పెట్టేవాడు ఉండడు.

మా మొదటి ఆట ఏడుపెంకులాట. బాత్రూమ్ బాగుచేయించినప్పుడు మిగిలిన టైల్ ముక్కలు ఏడు, అంచులు గరుకు రాయి మీద అరగదీసి దాచాను. పెద్దది అడుగున, చిన్నది పైన పేర్చి, పదిహేను అడుగుల దూరం నుంచి టెన్నిస్ బంతితో కొట్టించండి. ఒక్కొక్కరికి మూడు దెబ్బలు. పెంకులు పడ్డాయా, కొట్టిన జట్టు మళ్ళీ పేర్చేలోగా రెండో జట్టు బంతి అందుకుని వాళ్ళని కొట్టాలి. మోకాలి పైన తగిలితే లెక్కలోకి రాదని ముందే గట్టిగా చెప్పాలి. లేకపోతే మా బావగారు బౌలింగ్ మొదలుపెడతారు.

ఆట పెట్టే చోటు గ్రిల్‌కి కనీసం నలభై అడుగుల దూరం ఉండాలి. ఇది నేను అనుభవం మీద చెబుతున్న మాట. ఒక ఏడాది బంతి ఎగిరొచ్చి సరాసరి లెగ్ పీసుల మధ్య పడింది. దాని పచ్చటి నూగు ఒక్కసారిగా అంటుకుని, రబ్బరు కమురు వాసన. నాలుగు ముక్కలు పారేశాం. మావారు ఇప్పటికీ ఆ నాలుగూ లెక్కచెబుతారు. గాలి వాలు కూడా చూసుకోండి: నాలుగు గడ్డిపోచలు ఎగరేస్తే అవి పడిన వైపుకే పొగా పోతుంది, అటు ఆట వద్దు.

ఖోఖో మాత్రం ఇక్కడ పెట్టకండి. అది గడ్డిలో వరసగా కూర్చునే ఆట, టెక్సస్ గడ్డిలో ఫైర్ యాంట్లనే కుట్టే ఎర్రచీమల పుట్టలుంటాయి. ఒక్కటి కుడితే మంట, తెల్లారేసరికి చీము పొక్కు. ఏ ఆటకైనా ముందు ఆ జాగా అంతా ఒకసారి నడిచి చూడండి.

చికెన్ ఎక్కాక అసలు చిక్కొస్తుంది. థర్మామీటరు గుచ్చితే ముక్క లోపల 165 ఫారెన్‌హీట్ చూపించేదాకా కాల్చేవాళ్ళు అక్కణ్ణించి కదలకూడదు, కానీ వాళ్ళని ఆటలోంచి వదిలేస్తే అలుగుతారు. అందుకని నోటితో ఆడేది కావాలి. మా దగ్గర బాగా పండింది ఊళ్ళ అంత్యాక్షరి. పాటలైతే వచ్చినవాళ్ళే పాడతారు, ఊళ్ళ పేర్లు అందరికీ వచ్చు. తెనాలి అంటే ల, లేపాక్షి. లేపాక్షికి క అనాలా ష అనాలా అని మొదటి తగువు అక్కడే, క అని తీర్పిచ్చేశాను.

అసలు పట్టు 'ర'లో ఉంది. గుంటూరు, నెల్లూరు, చిత్తూరు, కందుకూరు, ఏలూరు... మనవాటిలో 'రు'తో ముగిసేవి బోలెడు, 'ర'తో మొదలయ్యేవి తక్కువ. రేపల్లె, రాజోలు, రాయచోటి, రావులపాలెం, రామగుండం, రంపచోడవరం అయ్యాక అందరూ ఆకాశం వైపు చూస్తారు. ఇది కనిపెట్టి గుంటూరమ్మాయి ఒకావిడ వరసగా 'రు' ఊళ్ళే వదిలి నలుగురిని అవుట్ చేసింది. అప్పట్నించీ మనిషికి రెండే 'రు'లని నియమం పెట్టాం. ఇక్కడ పుట్టిన పిల్లలు రిచ్‌మండ్, రోచెస్టర్ అంటే ఒప్పుకోండి. మరి రోచెస్టర్ 'ర' మళ్ళీ మన నెత్తినే పడుతుందనుకోండి.

తిన్నాక కూర్చునే ఆటలు. షెడ్డు కింద సిమెంటు మీద సుద్దతో ఐదు గళ్ళు అడ్డం, ఐదు నిలువు గీసి అష్టాచెమ్మా. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగు. అన్నీ బోర్లా పడితే అష్ట, ఎనిమిది. రెండింటికీ మరో పందెం. గవ్వలు మా అత్తగారు సూట్‌కేసులో తెచ్చారు. ఆవిడ అసలు గొప్పతనం గచ్చకాయల్లో. ఒక రాయి పైకెగరేసి, చూపు దాని మీదే ఉంచి, కింద నాలుగింటినీ ఒక్క చేతి ఊపులో తుడిచేసి, దిగే రాయిని అదే గుప్పిట్లో పట్టేస్తారు. గాజు కూడా గలగలమనదు. మా పన్నెండేళ్ళవాడు ఫోన్ పక్కన పెట్టి, "నానమ్మా, మళ్ళీ చెయ్యవా, నెమ్మదిగా" అన్నాడు. నెమ్మదిగా చెయ్యడం కుదరదు, రాయి ఆగదుగా!

అమెరికా ఆట ఒక్కటి ఉండాలంటే కార్న్‌హోల్ చాలు. నాలుగడుగుల పలక, పైన ఆరంగుళాల కన్నం, 27 అడుగుల దూరం నుంచి గింజలు నింపిన చిన్న సంచి విసరాలి. కన్నంలో పడితే మూడు, పలక మీద నిలిస్తే ఒకటి, ముందు 21 చేరినవాళ్ళు గెలిచినట్టు. పిల్లలకు దూరం సగం చెయ్యండి.

వెళ్ళేముందు బొగ్గుల మీద నీళ్ళు పోసి, కలిపి, మళ్ళీ పోయండి. పైకి నల్లగా చల్లారినట్టున్నా లోపల గంటల తరబడి నిప్పుంటుంది, చుట్టూ చెప్పుల్లేని పిల్లలు. పెంకులు కూడా లెక్కపెట్టుకోండి. మాకు ఏటా ఆరే దొరుకుతాయి.