పళ్ల డాక్టరు దగ్గర నోటి క్యాన్సర్ పరీక్ష చేయించుకోవడం ఎలా?

లంక పొగాకు చుట్ట, ఖైనీ, గుట్కా, వక్క వంటి అలవాట్లు ఉన్నవారు గోదావరి డెల్టాలో ఊరూరా కనిపిస్తారు కనుక, పంటి నొప్పికని అమలాపురమో భీమవరమో వెళ్లినప్పుడు ఈ పరీక్ష కూడా చేయమని డాక్టరును మీరే అడగండి. 30 ఏళ్లు దాటినవారికి ఐదేళ్లకోసారి ఈ పరీక్ష చేయాలని క్యాన్సర్, షుగరు, బీపీ వంటి జబ్బుల నివారణకు ఉన్న మన జాతీయ కార్యక్రమం చెబుతోంది.

కట్టుడు పళ్లుంటే ముందుగా తీసివేయాలి, ఎందుకంటే వాటి కింద ఉన్న మచ్చ బయటికి కనబడదు. ఏ అలవాటు, ఎన్నేళ్లుగా, ఖైనీ ఏ బుగ్గన పెడతారు అన్నది దాచకుండా చెప్పండి. నిప్పు నోట్లో ఉంచి అడ్డచుట్ట కాల్చే పెద్దమ్మలకు అంగిలిని ప్రత్యేకంగా చూడాలి, కాబట్టి సిగ్గుపడి ఆ మాట మింగేయకండి.

డాక్టరు నాలుక కొనను గాజుగుడ్డతో పట్టుకుని పక్కకు లాగి, రెండు అంచులనూ దీపం వెలుగులో పరిశీలిస్తారు. ఆ తరువాత నాలుక కింద, బుగ్గల లోపల వేలితో తడిమి, దవడ కింద, మెడలో గడ్డలున్నాయేమో చూస్తారు. కొన్ని నిమిషాల పని, నొప్పి ఉండదు.

రెండు వారాలైనా మానని పుండు, తుడిచినా పోని తెల్లమచ్చ, ఎర్రమచ్చ, మూడు వేళ్లు నిలువుగా పట్టనంతగా నోరు బిగుసుకోవడం వీటిలో ఏది ఉన్నా ముందే చెప్పండి.

అనుమానం ఉంటే చిన్న ముక్క తీసి బయాప్సీకి, అంటే అందులో క్యాన్సర్ ఉందేమో ల్యాబులో చూసే పరీక్షకు పంపుతారు. కత్తి తగిలితే జబ్బు పాకుతుందన్న భయంతో చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆ భయం నిజం కాదు, రిపోర్టు తీసుకునే తేదీని అక్కడే రాయించుకుని రండి.