డి గేర్‌లో ఆగితే వణుకు: పాత ఆటోమేటిక్‌లో నాకు పనిచేసిన పద్ధతి

నాది పాత పెట్రోల్ ఆటోమేటిక్ కారు. మద్దిలపాలెం సిగ్నల్‌లో ఏసీ వేసుకుని, డి (డ్రైవ్) లో బ్రేక్ తొక్కి ఆగితే స్టీరింగ్ దాకా వణుకు. ఆర్‌పీఎమ్ ముల్లు 500కి జారేది. ఎన్ (న్యూట్రల్) లోకి వేస్తే సద్దుమణిగేది. కొత్త ప్లగ్గులు, ట్యాంకులో అడిటివ్, ఇంజిన్ మౌంట్ అన్నీ డబ్బు దండగే.

పనిచేసింది థ్రాటిల్ బాడీ, అంటే ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపుచేసే భాగం, క్లీనింగ్. ఇంజిన్ చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీసి, ఎయిర్ ఫిల్టర్ నుంచి వచ్చే లావు గొట్టం విప్పితే, లోపల గాలికి దారి తెరిచి మూసే బిళ్ల అంచు చుట్టూ నల్లటి జిడ్డు. క్రాంక్‌కేస్ (ఇంజిన్ అడుగు భాగం) నుంచి వచ్చే ఆయిల్ ఆవిరే అలా పేరుకుంటుంది. రెండు మూడు కిలోమీటర్ల తిరుగుళ్లు, ట్రాఫిక్‌లో నిలబడటం ఎక్కువైతే మరీను. ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడిచేటప్పుడు) గాలి దూరే సన్నని సందు మూసుకుపోతుంది. పైగా డి లో ఉంటే, ఇంజిన్‌ను గేర్‌బాక్స్‌కు కలిపే టార్క్ కన్వర్టర్ లోడు ఇంజిన్ మీద పడుతుంది.

థ్రాటిల్ బాడీ క్లీనర్‌ను గుడ్డ మీద కొట్టి తుడవాలి, నేరుగా లోపలికి కాదు. కార్బ్యురేటర్ క్లీనర్ వాడొద్దు, కొన్నింటికి లోపలి పూత పోతుంది. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ అయితే బిళ్లను వేలితో నెట్టొద్దు, దాన్ని తిప్పే చిన్న గేర్ల పళ్లు దెబ్బతినొచ్చు.

అన్నీ తిరిగి బిగించాక ఐడిల్ రీలెర్న్, అంటే ఐడిల్‌కు ఎంత గాలి కావాలో ఇంజిన్ కంప్యూటర్ మళ్లీ నేర్చుకోవడం. చాలామంది వదిలేసేది ఇదే. బండి ఆరుబయట పెట్టి, ఇంజిన్ స్టార్ట్ చేసి, పీ (పార్క్) లో, ఏసీ, లైట్లు ఆపి, యాక్సిలరేటర్ ముట్టకుండా రేడియేటర్ ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఉంచాను. ఆపైన ఏసీ వేసి ఐదు నిమిషాలు, హ్యాండ్‌బ్రేక్ లాగి, బ్రేక్ తొక్కిపట్టి డి లో మరో ఐదు. ముల్లు 700 దగ్గర నిలిచింది.

అన్ని బళ్లకూ ఇదే మందని చెప్పలేను. కొన్ని మోడళ్లకు రీలెర్న్ స్కానర్‌తోనే అవుతుంది. ఎన్ లో కూడా వణికితే ముందు ఇగ్నిషన్ కాయిల్, వాక్యూమ్ గొట్టాలు చూపించండి.