ధింసాను కొత్త తరం వేదికపైకి తేవడం ఎలా?

అరకులో ధింసా అని, సరిహద్దు దాటి ఒడిశాలోని కొరాపుట్, జయపురం వైపు ఢెమ్సా అని పిలిచే గిరిజన బృందనృత్యాన్ని కళాశాల వేదికకు పది నిమిషాల ప్రదర్శనగా మలచదలచినవారు, ఏది మార్చకూడదో ముందుగా తేల్చుకోవాలి.

మొదట ఒక్క రకాన్ని ఎంచుకోండి. గ్రామదేవతను కొలిచే బోడ ధింసా, ఆకుల కోతను చూపే పొతర్ తోల, పులి బారినుండి తప్పించుకోవడాన్ని చూపే బాగ్ ధింసా వంటివన్నీ కలిపి ఒకే ప్రదర్శనలో కుక్కితే ఏదీ నిలవదు. గణాచారికి, అంటే దేవత పలికే వ్యక్తికి, పూనకం వచ్చే బాయ ధింసాను మాత్రం వేదికకు తేకపోవడమే మర్యాద.

తరువాత ఊరికి వెళ్ళి నేర్చుకోండి. చైత్రమాసంలో జరిగే గిరిజనుల పండుగ చైత్ర పరబ్ రోజులు ఇందుకు అనువైనవి. అక్కడి వాడుక భాష దేశియా మాట్లాడగలవారిని వెంట తీసుకువెళ్ళి, పెద్దల అనుమతి పొంది, వరుస చివర నిలబడండి. వీడియో చూసి నేర్చుకున్నవారికి అడుగు వస్తుందేమో గాని పట్టు రాదు. ఎందుకంటే ఒకరి వీపు వెనుకగా మరొకరు చేతులు పెనవేసుకొని ఆడే ఈ నృత్యంలో, పక్కవారి శరీరం కదిలిన తీరును బట్టే మన అడుగు పడుతుంది. అందువల్ల ఆ పట్టును, నెమలి ఈకల కట్ట పట్టి వరుసను నడిపించే వ్యక్తిని, డప్పు, తుడుం అనే చర్మవాద్యాలను, మోరి అనే ఊదే వాద్యాన్ని అలాగే ఉంచండి. రికార్డు చేసిన పాటను పెడితే వాద్యకారులకూ నర్తకులకూ మధ్య నడిచే సంకేతాలు పోతాయి. తోలు బిగిసేలా డప్పును మంట దగ్గర కాచుకోవడం సభామందిరంలో కుదరదు కనుక, బయటే కాచి తెచ్చుకొనే వీలు కల్పించాలి.

ఇక మార్చదగినవి: నిడివి, నిలబడే తీరు, పాటలోని విషయం. ప్రేక్షకులను మూడు వైపులా కూర్చోబెట్టగలిగితే నర్తకుల వలయం చెదరదు. కుదరకపోతే దానిని అర్ధచంద్రాకారంగా తెరవండి, కాని అందరినీ ప్రేక్షకులకు ఎదురుగా బారుగా నిలబెట్టకండి. పాటలోని విషయానికి పొతర్ తోలనే ఉదాహరణగా తీసుకోండి. ‘పొతర్’ అన్న మాటలో మన పత్రమే వినిపిస్తుంది. ఈ కొండలలో ఇప్పుడు కాఫీ తోటలు కూడా ఉన్నాయి కనుక, ఆకు కోత స్థానంలో కాఫీ పండ్ల కోతను ఊహించి, ఊరి గాయకుల చేతనే దేశియాలో కొత్త చరణం కట్టించవచ్చు. నా దృష్టిలో అసలైన పునర్వ్యాఖ్యానం ఇదే. మెరుపుల దుస్తులు, వేగం పెంచడం కావు.

చివరగా, వేదికకు ముందు అదే ఊరిలో ఆడి చూపండి. పెద్దలు అభ్యంతరం చెప్పిన చోట దిద్దుకోండి. వాద్యకారుల పారితోషికాన్ని, ప్రయాణ ఖర్చును ముందే చెల్లించి, ప్రకటనలో వారి ఊరి పేరును మీ బృందం పేరు కంటే ముందు చెప్పండి.