గంభీరమైన నాదం కోసం లో కీ హార్మోనికా ఎంచుకోవడం ఎలా?

మౌత్ ఆర్గాన్‌లో గంభీరమైన నాదం కావాలని అడిగితే చాలా షాపుల్లో 24 హోల్స్ ట్రెమొలో (ఒక్కో స్వరాన్ని జంటగా పలికిస్తూ నాదాన్ని వణికించేది) చేతిలో పెడతారు. అది వేరే వాయిద్యం, తీసుకోకండి. మీక్కావలసింది పది హోల్స్ డయటోనిక్ (ఒక కీ స్వరాలకే కట్టింది), అందులోనూ లో (low) ట్యూనింగ్‌ది, అంటే మామూలు కంటే కింది శ్రుతిలో పలికేది. సి కీ మీద ఒక్కో హోల్ విడిగా పలికించడం, రెండు, మూడు హోల్స్ డ్రాలో (గాలి పీల్చి పలికించేటప్పుడు) స్వరాన్ని కిందికి వంచే బెండ్లు వచ్చాకే లో కీ జోలికి వెళ్లండి.

మామూలు కీల సెట్‌లో అన్నిటికంటే కిందిది జి. దాని ఒకటో హోల్ బ్లో (గాలి ఊది పలికించే స్వరం) 196 హెర్ట్జ్. లో ఎఫ్‌లో అది 175, లో డిలో 147, లో సిలో 131. మొదటిసారి కొనేవాళ్లు లో ఎఫ్‌తోనే మొదలుపెట్టాలి. క్రాస్ హార్ప్ పద్ధతిలో (రెండో హోల్ డ్రాను ఆధారశ్రుతిగా పట్టుకుని వాయిస్తే) అది సి శ్రుతికి, అంటే మన గాయకులు ఒకటి అనే శ్రుతికి సరిపోతుంది. నాదాన్ని మార్చే ఎలక్ట్రానిక్ పెడల్‌తో స్థాయి దించుకుంటే చాలదా అంటారు. చాలదు. స్థాయి దిగుతుంది గానీ, బరువైన రీడ్ (గాలికి ఊగి పలికే సన్నని లోహపు రేకు) ఊగేటప్పుడు వచ్చే ఊపిరి పెడల్‌లో రాదు.

డబ్బా మీద 'లో' అన్న మాట ఉందో లేదో చూడండి. ఉత్త ఎఫ్ అయితే ఒక స్థాయి పైన కీచుమంటుంది.

అసలు తంటా వాయించి చూడటంలో ఉంది. నాదం దిగడానికి రీడ్ కొసను బరువు చేస్తారు. దాంతో అది ఆలస్యంగా కదులుతుంది, కదిలాక బాగా ఊగుతుంది. డ్రా రీడ్లు ఉండేది, రీడ్లు బిగించిన కింది ప్లేటుకు బయటి వైపు. అందుకే ఎక్కువ ఊగితే బయటి మూతకు, అంటే కవర్ ప్లేటుకు తగిలి గరగరలాడతాయి. హోనర్ కంపెనీ థండర్‌బర్డ్ మోడల్‌లో కింది కవర్‌కు అదనంగా జాగా ఇచ్చింది ఇందుకే.

కాబట్టి బ్లో విని మురిసిపోకండి. ఒకటో హోల్ డ్రా పట్టండి. దవడ దించి, ఆవులించేటప్పుడు తెరుచుకున్నట్టు గొంతు తెరిచి, మామూలు ఊపిరి పీల్చండి. వెంటనే పలకాలి. గాలి ఉస్సుమని కాసేపటికి నాదం వస్తే, ఒకసారి ఆగి ఇంకా మెల్లగా పీల్చండి. గట్టిగా లాగితే మంచి రీడ్ కూడా ఉక్కిరిబిక్కిరై మూగబోతుంది. మంచి వాయిద్యాలను జనం పాడైపోయాయని పక్కన పడేసేది ఇక్కడే! మెల్లగా పీల్చినా ఆలస్యమైతే ప్లేటు మీద రీడ్ లేచి ఉండే ఎత్తు సరిగ్గా లేనట్టు. అది వద్దు.

తర్వాత అదే ఊపిరిని కొద్దికొద్దిగా పెంచండి. మధ్యస్థంగా ఉన్నప్పుడే గరగర మొదలైతే తిరిగి ఇచ్చేయండి. బలమంతా పెట్టి లాగినప్పుడే వస్తే తప్పు వాయిద్యానిది కాదు. రెండో, మూడో హోల్స్ కూడా ఇలాగే చూడండి. బెండ్ కోసం నాలుకను సి మీదకన్నా బాగా వెనక్కి తీసుకోవాలి. మూడూ కలిపి పట్టినప్పుడు కాస్త ముద్దగా వినిపించడం లో కీల స్వభావం, లోపం కాదు.

నోటితో ఊదనివ్వని షాపుల్లో తిత్తి పెట్టి చూపిస్తారు. రీడ్ పలుకుతుందని మాత్రమే దాంతో తెలుస్తుంది, మీ ఊపిరికి ఎలా స్పందిస్తుందో తెలియదు. అలాంటి చోట, లోపం ఉంటే మార్చి ఇస్తామని బిల్లు మీద రాయించుకున్నాకే డబ్బు కట్టండి.